పనివాళ్ల పేర్లు యజమానికే తెలియని వ్యాపారం నడుస్తుందా?

కొండాపూర్‌లో ఉంటున్న ఒక యువ మిత్రుడు ఈ ప్రశ్న అడిగారు. సబ్‌టైటిళ్లు, ఆడియో రికార్డుల రాతప్రతులు, డేటా లేబులింగ్ (కంప్యూటర్లకు నేర్పడానికి చిత్రాలకు, మాటలకు గుర్తులు పెట్టడం) వంటి పనులు తీసుకుని ఇంటి నుంచి పనిచేసేవారి చేత చేయించే సంస్థను ఆయన పెట్టబోతున్నారు. అందులో పనిచేసేవారి పేరు, ఊరు, ముఖం, గొంతు ఎవరికీ తెలియకూడదని, యజమానిగా తనకు కూడా తెలియకూడదని, వచ్చిన పనిని మాత్రమే చూసి డబ్బు ఇవ్వాలని ఆయన ఉద్దేశం. ఇది ఆచరణలో సాధ్యమేనా, సాధ్యమైతే ఎదురయ్యే చిక్కులేమిటి అన్నది ఆయన ప్రశ్న.

నేను 2009 నుంచి అమీర్‌పేటలో ఇదే వ్యాపారంలో ఉన్నాను. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌తో, అంటే వైద్యులు చెప్పినది విని రాతలో పెట్టే పనితో మొదలుపెట్టి తరువాత ఇతర రాతపనులకూ విస్తరించాను. 2018లో, అచ్చంగా మీకు వచ్చిన ఆలోచనే నాకూ వచ్చి, పదకొండు నెలలపాటు దాదాపు నలభై మందితో మారుపేర్ల మీదనే పని చేయించాను. కనుక ఈ సమాధానంలో చట్టం నుంచి నేర్చుకున్నదాని కంటే చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే ఎక్కువగా ఉంటుంది.

ముందుగా, మీ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. మన దగ్గర ఇంటిపేరు అడిగిన మరుక్షణం ఎదుటివారి కులం, జిల్లా, కొన్నిసార్లు ఆస్తిపాస్తులు కూడా అంచనా వేసే అలవాటు ఉంది. ఆడపిల్ల అని తెలిస్తే పని గురించి కాక ఇతర విషయాల గురించి సందేశాలు పంపే సూపర్‌వైజర్లను నేను స్వయంగా పనిలోంచి తీసేశాను. పేరు కనబడకపోతే ఈ రెండు జాడ్యాలూ చాలావరకు తగ్గుతాయన్నది నా అనుభవంలో నిజమే. అయితే పూర్తిగా అజ్ఞాతంగా ఉంటామని పట్టుబట్టినవారిలో అత్యధికులు వివక్షకు భయపడినవారు కారు. పగలు ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగం చేస్తూ రాత్రి మనకు పనిచేసేవారు, రెండో కొలువు చేయరాదన్న నియమం కింద ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, వయసు ఎంతో చెప్పని విద్యార్థులు ఎక్కువ. ఈ తేడా ముందుగా గ్రహించకపోవడం నా మొదటి పొరపాటు.

ఇక్కడ ఎవరైనా అడ్డా కూలీల మాట ఎత్తుతారు. కూకట్‌పల్లిలోనో ఎల్బీనగర్‌లోనో పొద్దున్నే అడ్డా మీద నిలబడిన మనిషిని పేరైనా అడగకుండా బండెక్కించుకుని వెళతాం కదా, మరి ఆ వ్యాపారం తరతరాలుగా నడవడం లేదా అని. నడుస్తోంది, ఎందుకంటే అక్కడ పని మన కళ్లముందే జరుగుతుంది, కూలి సాయంత్రానికే చేతికి అందుతుంది, ఆ ఇద్దరి మధ్య లెక్క ఆ రోజుకే తెగిపోతుంది. పని నాలుగు రోజులకు పెరిగిందంటే మధ్యలోకి మేస్త్రీ వస్తాడు. మనుషులు మనకు తెలియకపోయినా మేస్త్రీకి తెలుసు, మేస్త్రీ మనకు తెలుసు, పూచీ ఆయనది. ఒకప్పుడు మాదాపూర్, బేగంపేట కాల్ సెంటర్లలో రాత్రంతా స్టీవ్ అనీ నాన్సీ అనీ మాట్లాడిన మన పిల్లల విషయమూ అంతే. అమెరికా కస్టమరుకు వారు ఎవరో తెలియదు గానీ జీతం ఇచ్చే కంపెనీకి తెలుసు. మీరు తలపెట్టిన పద్ధతిలో మేస్త్రీ లేడు, సాయంత్రానికి తెగే లెక్కా లేదు, పైగా మీ ఖాతాదారు నమ్మి ఇచ్చిన ఫైలు మీకు కనబడని ఇంట్లోకి వెళుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

డబ్బు చెల్లింపు దగ్గరే నా ప్రయోగం మొదటి నెలలోనే బెసికింది. యూపీఐ ఐడీ ఒక్కటి ఇస్తే చాలు, ఇంకేమీ అడగను అని గొప్పగా ప్రకటించాను. తీరా డబ్బు పంపబోతే ఖాతాదారు పేరు తెర మీద నిలువునా కనిపించింది. బ్యాంకు ద్వారా వెళ్లే ఏ చెల్లింపుకైనా అవతల కేవైసీ ఉన్న ఒక మనిషి ఉంటాడన్న చిన్న విషయం నా ఉత్సాహంలో నాకు తట్టలేదు. అంతకంటే చిత్రమేమిటంటే, అజ్ఞాతం కోరినవారిలో కొందరు బావమరిదిదో రూమ్మేట్‌దో ఐడీ ఇచ్చారు. అంటే నాకు తెలియకూడని పేరు తెలియలేదు గానీ, సంబంధం లేని పేరొకటి నా లెక్కల్లోకి వచ్చి కూర్చుంది. ఈ రోజుల్లో ఇది ఇంకా ప్రమాదకరం. సైబర్ మోసాల సొమ్ము తిరిగే అద్దె ఖాతాలు విపరీతంగా పెరిగాయి. బాధితుడు 1930 అనే హెల్ప్‌లైన్ నంబరుకు ఫిర్యాదు చేస్తే ఆ సొమ్ము వెళ్లిన ఖాతాలను వరుసగా స్తంభింపజేస్తున్నారు. అటువంటి ఖాతాకు మీరు నెలనెలా డబ్బు పంపుతున్నట్లు తేలితే, అది కూలి డబ్బేనని దర్యాప్తు అధికారికి చెప్పుకోవడానికి మీ దగ్గర 'చందమామ27' అనే మారుపేరు తప్ప ఏమీ ఉండదు.

క్రిప్టోలో ఇస్తే పోతుంది కదా అని మీరు అనవచ్చు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఆ ఆస్తుల బదిలీ మీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను ఉంది, అదే ఏడాది జులై నుంచి 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) కూడా ఉంది. కూలి కింద నాణెం ఇవ్వడం కూడా బదిలీయే. పైగా క్రిప్టో లెక్కలు నమోదయ్యే బహిరంగ చిట్టా అయిన బ్లాక్‌చెయిన్‌లో ప్రతి చెల్లింపూ శాశ్వతంగా నిలిచిపోతుంది కాబట్టి, ఒక్కసారి డబ్బు చేరిన క్రిప్టో చిరునామా ఎవరిదో తెలిస్తే పాత చరిత్ర అంతా తెలిసిపోతుంది. ఆ దారి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఆ ఏడాది లెక్కలు చూసిన మా ఆడిటర్ గారు చిట్టా మూసి, కళ్లజోడు తీసి, ఇవి మనుషుల పేర్లా పిట్టల పేర్లా అని అడిగారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి కాబట్టి సంఖ్యల జోలికి పోకుండా ఆయన నాకు చెప్పిన సూత్రమే చెబుతాను. పాన్ ఇవ్వని వ్యక్తికి చెల్లించేటప్పుడు, మామూలుగా 1 శాతమో 10 శాతమో కోయవలసిన చోట 20 శాతం కోయాలి. త్రైమాసిక రిటర్నులో పాన్ లేదని రాసే వీలుంది గానీ పేరు లేదని రాసే వీలు లేదు. చిన్న మొత్తాలకు కోత ఉండదు కదా అని నేను వాదించాను. నిజమే, వృత్తిపరమైన ఫీజుకు అప్పట్లో ఒక్కొక్కరికి ఏడాదికి 30,000 రూపాయల వరకు కోత లేదు, 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 50,000. కానీ ఒక్కరికి ఆ పరిమితి దాటిందో లేదో తెలియాలంటే ఆ ఒక్కరు ఎవరో ముందు తెలియాలి. అయిదు మారుపేర్ల వెనుక ఉన్నది ఒక్కరే అయితే? నా దగ్గర జవాబు లేదు. నగదు రూపంలో ఇచ్చినా, ఒక వ్యక్తికి ఒక రోజులో 10,000 దాటితే ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు. ఖర్చు నిజంగా జరిగిందని రుజువు చేయవలసిన భారం మనదే. రుజువు చేయలేకపోతే, చెల్లించేసిన కూలి మీద కూడా మనమే పన్ను కట్టవలసి వస్తుంది. ఆ సంవత్సరం ఆ కోతలన్నీ నా జేబులోంచే భరించాను, ఎందుకంటే డబ్బు ఇచ్చేసిన తరువాత వెనక్కి కోయడానికి ఎవరినని అడుగుతాం?

ఈ సందర్భంలో ఒక మాట. టీడీఎస్ కోస్తే తన పగటి ఉద్యోగపు కంపెనీకి తెలిసిపోతుందని చాలామంది అనవసరంగా భయపడతారు. ఆ వివరం కోయబడిన వ్యక్తి సొంత పన్ను ఖాతాలోనే కనిపిస్తుంది, యజమాని దానిని తెరిచి చూడలేడు. ఈ ఒక్క విషయం నచ్చజెప్పితే పాన్ ఇచ్చినవారు మా దగ్గర పదిమందికి పైగా ఉన్నారు.

పన్నులు, బ్యాంకులు ఎలాగో దాటినా, పని నాణ్యత దగ్గర మీరు ఊహించని దెబ్బ తగులుతుంది. నన్ను నిజంగా భయపెట్టింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వైద్యుడు డిక్టేట్ చేసిన ఆడియోను మేము ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, రెండు ప్రతులనూ పోల్చి, తేడా వచ్చిన చోట మూడో మనిషి విని సరిచేసే పద్ధతి పాటించేవాళ్లం. ఈ పద్ధతి బలమంతా ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు కావడంలో ఉంది. ఒకసారి రెండు ప్రతులూ అక్షరం తేడా లేకుండా కలిసిపోయాయి, మా కంప్యూటరు దానిని నూటికి నూరు పాళ్లు సరైనదని ఖాతాదారుకు పంపేసింది. రోగికి రక్తపోటు పడిపోయిందని వైద్యుడు చెప్పగా, రెండు ప్రతుల్లోనూ హైపోటెన్షన్ బదులు హైపర్‌టెన్షన్ అని ఉంది. అవతల నర్సు గమనించి వెనక్కి పంపింది కాబట్టి సరిపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే ఆ రెండు లాగిన్లలోనూ కామా పెట్టే తీరు, తప్పు రాసే మందుల పేర్లు, చివరికి రాత్రి భోజనానికి లేచే సమయం కూడా ఒకటే. ఒక మనిషి రెండు పేర్లతో చేరి, ఒకసారి విని, రెండుసార్లు కూలి తీసుకుంటున్నాడు. నాలుగు నెలల పనిని మళ్లీ వినిపించవలసి వచ్చింది.

దీనికి తలకిందులుగా ఉండే సమస్య కూడా ఉంది. మంచి రేటింగు సంపాదించిన ఒక లాగిన్‌ను దాని సొంతదారు ఇంకొకరికి అమ్ముకున్నాడు. ముఖం లేని చోట మంచిపేరు మనిషిది కాదు, పాస్‌వర్డుది; పాస్‌వర్డు ఎవరి చేతిలో ఉంటే మంచిపేరు వారిది. తప్పు పని చేసినందుకు తీసేసిన మనిషి సాయంత్రానికి కొత్త పేరుతో మళ్లీ పరీక్ష రాసి చేరాడు. మరోవైపు, నిజాయితీగా పనిచేసిన ఒకరు ఫోను పోగొట్టుకుని, ఆ లాగిన్ తనదేనని నిరూపించుకోలేక, రావలసిన కూలి కోసం నెలరోజులు మెయిళ్లు రాశారు. అదే లాగిన్ నాదంటూ ఇంకొకరు కూడా రాశారు. ఇద్దరిలో ఎవరు అసలో తేల్చడానికి పాత ఫైళ్లలోని విషయాలు అడుగుతూ ఒక చిన్నపాటి పంచాయతీయే పెట్టవలసి వచ్చింది.

గోప్యత ఒప్పందం రాయించుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద 'రాత్రిపక్షి' అని సంతకం చేస్తే, ఉల్లంఘన జరిగిన రోజు దావా ఎవరి మీద వేస్తారు? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందం చేసుకునే వ్యక్తికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. పేరే తెలియని మనిషి వయసు మీకెలా తెలుస్తుంది? సబ్‌టైటిళ్లు, అనువాదాలు, కోడ్ వంటి పనుల్లో మరో చిక్కు ఉంది. ఉద్యోగి కాని వ్యక్తి రాసినదానికి కాపీరైట్ మొదట రాసినవారిదే. అది మీకు బదిలీ కావాలంటే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం లిఖితపూర్వకంగా, బదిలీ చేసే వ్యక్తి సంతకంతో జరగాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లనే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననే భావిస్తారు. మీ ఖాతాదారు పెద్ద సంస్థ అయితే మొదటి నెలలోనే ఈ కాగితాలు అడుగుతుంది. సమాచార భద్రతకు ఇచ్చే ఐఎస్‌ఓ 27001 ధ్రువీకరణకు వెళితే పనిలో చేరేవారి నేపథ్య తనిఖీ ఎలా చేస్తున్నారని అడుగుతారు. అమెరికా వైద్య రికార్డుల పని అయితే రోగుల సమాచారాన్ని కాపాడే అక్కడి హిపా నిబంధనల ప్రకారం రికార్డును ముట్టుకునే ప్రతి ఒక్కరికీ విడి గుర్తింపు ఉండి తీరాలి. లాగిన్ విడిగా ఉన్నంత మాత్రాన మనిషి విడిగా ఉన్నట్లు కాదని పైన చెప్పాను కదా.

మా వృత్తిలోనివారు మరచిపోలేని ఉదంతం ఒకటుంది. 2003 అక్టోబరులో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి కరాచీ నుంచి ఒక మహిళ ఈమెయిల్ పంపింది. తనకు రావలసిన డబ్బు ఇప్పించకపోతే రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని అందులో హెచ్చరించి, మాటలు కావని చూపడానికి కొన్ని రికార్డులు జతచేసింది. ఆసుపత్రి పనిని ఒక సంస్థకు ఇవ్వగా, అక్కడి నుంచి ఫ్లోరిడాలో ఒకరికి, వారి నుంచి టెక్సాస్‌లో ఒకరికి, చివరికి కరాచీకి చేరిందన్నమాట. ఆ గొలుసులో ఎవరికి వారికి తన పక్క కొలికి మాత్రమే తెలుసు. ఆ మహిళ చేసినది బెదిరింపే, కానీ చేసిన పనికి కూలి అందని మనిషికి ఆ గొలుసులో అడిగే చోటు లేకుండా పోయిందన్నదీ నిజమే. అజ్ఞాతం యజమానిని మాత్రమే కాదు, పనివాడిని కూడా నిస్సహాయుణ్ని చేస్తుంది. మీరు కూలి ఎగ్గొడితే మీ 'చందమామ27' కార్మిక శాఖకు వెళ్లి ఏ ఆధారం చూపగలదు? తోటివాడు అసభ్య సందేశం పంపితే ఎవరి మీద ఫిర్యాదు చేయగలదు? ఉద్యోగులుగా తీసుకుంటే 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల (లేబర్ కోడ్‌ల) ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. పీఎఫ్ ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. పేరు లేని పత్రం పత్రం కాదు.

ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో అందరూ మారుపేర్లతోనే పనిచేస్తారు కదా అన్న మాట కూడా మీ ప్రశ్నలో ఉంది. అక్కడ మారుపేర్లు ఉన్నాయి గానీ ప్రతి మార్పూ బహిరంగంగా, అందరి కళ్లముందూ జరుగుతుంది. అయినా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన లినక్స్ కెర్నెల్ నిబంధనల్లో తెలిసిన గుర్తింపుతోనే సంతకం చేయాలని, అనామకుల కోడ్ తీసుకోమని స్పష్టంగా రాసుకున్నారు. ఏళ్ల తరబడి ఒకే మారుపేరుతో పనిచేసి పేరు తెచ్చుకున్నవారు వేరు, ఎవరో తెలియనివారు వేరు. ఆ మొదటి రకం కూడా ఎంతవరకు నమ్మదగినదో 2024 మార్చిలో తేలింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉపకరణంలో జియా టాన్ అనే పేరుతో 2021 నుంచి ఓపికగా పనిచేసి, నిర్వహణ బాధ్యతలు కూడా సంపాదించుకున్న ఒకరు, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టారు. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం రాబట్టి అది బయటపడింది.

అయితే మీ ఆలోచనను పూర్తిగా వదులుకోమని నేను అనను. నేను ఇప్పుడు రెండు పుస్తకాలు నడుపుతున్నాను. రెండు పుస్తకాలంటే మన వ్యాపారులకు వేరే అర్థం స్ఫురిస్తుంది, అది కాదు. ఒక పుస్తకంలో పేరు, పాన్, బ్యాంకు ఖాతా, వయసు రుజువు, సంతకం, నామినీ ఉంటాయి. అది మా జీతాల లెక్కలు చూసే ఒకే ఒక్క ఉద్యోగిని దగ్గర ఉంటుంది, ఆమెకు ఎవరు ఏ పని చేశారో తెలియదు. రెండో పుస్తకంలో సంకేత సంఖ్య, పని, నాణ్యత మార్కులు ఉంటాయి. సూపర్‌వైజర్లు చూసేది, రేటు పెంచేది, తగ్గించేది దానిని బట్టే. రెండూ కలిపి చూడవలసి వస్తే నేను, ఆమె ఇద్దరం ఉండాలి, ఎందుకు చూశామో రాసిపెట్టాలి. సూపర్‌వైజరుకు సంఖ్య తప్ప ఇంటిపేరు తెలియదు. మీరు కోరిన మేలులో ముఖ్యభాగం ఇలా దక్కుతుంది. చిన్న చిన్న పనులను ఆన్‌లైన్‌లో చేయించడానికి అమెజాన్ 2005లో మొదలుపెట్టిన మెకానికల్ టర్క్ నడిచే తీరు కూడా ఇంచుమించు ఇదే. పని ఇచ్చేవారికి ఒక సంఖ్య మాత్రమే కనిపిస్తుంది, ఆ సంఖ్య ఎవరిదో అమెజాన్‌కు తెలుసు. పేర్లున్న పుస్తకం మీ దగ్గర ఉంచుకోవడం ఇష్టం లేకపోతే, చెల్లింపులు, ఒప్పందాలు చూసే బయటి సంస్థ దగ్గర ఉంచండి. ఖర్చు పెరుగుతుంది, కానీ అక్కడ మేస్త్రీ ఉంటాడు.

పూర్తి అజ్ఞాతం కావాలనే పట్టుబడితే, దానిని రహస్యమేమీ లేని పనులకు, ఉదాహరణకు బహిరంగంగా ఉన్న చిత్రాలకు గుర్తులు పెట్టడం వంటివాటికి పరిమితం చేయండి. ఎవరికీ బాకీ పెట్టకుండా ఏ రోజు డబ్బు ఆ రోజే ఇచ్చేయండి.

బాకీ మాట ఎందుకంటే, ఆ నలభై మందిలో నాకు దొరికిన అందరికంటే మంచి పనిమంతురాలు లేదా పనిమంతుడు 'మల్లెతీగ' అనే పేరుతో ఉండేవారు. తప్పు పట్టడానికి వీల్లేని పని. కూలి కూడబెట్టి మూడు నెలలకోసారి తీసుకునేవారు. 2019 ఫిబ్రవరిలో ఒక ఫైలు సగం చేసి వదిలేశారు, ఆ తరువాత లాగిన్ కాలేదు. మెయిళ్లకు జవాబు లేదు. జబ్బు పడ్డారో, మరణించారో, విసిగి మానేశారో కనుక్కోవడానికి ఒక ఫోను నంబరు గానీ, వీధి పేరు గానీ, పలానావారిని తెలుసా అని అడగడానికి ఒక మనిషి గానీ నాకు లేరు. ఆమెకో ఆయనకో ఇవ్వవలసిన 18,400 రూపాయలు ఇప్పటికీ నా ఆవర్జాలో బాకీ కింద ఉన్నాయి. ప్రతి మార్చిలోనూ మా ఆడిటర్ గారు ఆ పద్దు దగ్గర ఆగి, దీన్ని ఏం చేద్దామని అడుగుతారు. ఉంచండి అంటాను.